సిస్టర్ థార్ప్ సంతకం

"ఇది దొంగ సంతకం," అంది పాలీన్ క్రాఫ్ట్. పని గంటలు రాసే టైమ్‌షీటును బల్ల మీద ఇటు తిప్పి పెట్టింది.

ఇంగ్లండులో, గ్రిమ్స్‌బీలోని ఆ వృద్ధుల హోముకు ఆమె మేనేజరు. ఎదురుగా నిలబడ్డ రూడో, హోములకు రోజువారీ పనివాళ్ళను సరఫరా చేసే ఏజెన్సీ పంపిన మనిషి. శనివారమే మొదటిసారి అక్కడికి పనికి వచ్చింది. ఇప్పుడు పిలిపించారు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఏజెన్సీ వాళ్ళను ఎవరూ అనరు.

"దొంగది కాదు మేడమ్. సిస్టరే పెట్టారు."

"నీ షిఫ్టు రెండింటికి అయిపోవాలి. నాలుగింటి దాకా చేశానని రాసుకున్నావు. కింద 'సిస్టర్ థార్ప్' అని సంతకం. మా దగ్గర ఆ పేరుతో సిస్టరే లేదు."

బల్ల మీది ఫోనులోంచి ఏజెన్సీ గ్యారీ గొంతు వచ్చింది. "రూడో, చూడు తల్లీ. రెండు గంటల కోసం ఇంత తెలివా? దొంగ సంతకమని తేలిందా, నీ పేరు కొట్టేస్తాను. ఆ తరవాత ఈ ఊళ్ళో ఏ హోమూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

"తేలితే కదా గ్యారీ."

"నోటికేం తక్కువ లేదు."

రూడోకు నోరు తప్ప వేరే ఆసరా లేదు. టైమ్‌షీటు మీద సంతకం లేకపోతే ఏజెన్సీ మనిషి ఆ రోజు బతకనట్టే లెక్క. దొంగ సంతకమైతే ఇక ఏ రోజూ లేదు.

"ఎలా ఉంటుంది ఆ సిస్టరు?" పాలీన్ అడిగింది. గొంతులో వెటకారం లేదు.

"పెద్దావిడ. ముదురు నీలం గౌను. గుండెల మీద, నర్సులు పెట్టుకున్నట్టే, తలకిందులుగా గుచ్చుకున్న గడియారం. మేడ మీద నర్సుల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. షిఫ్టు అయిపోయిందండీ, సంతకం పెట్టండి అన్నాను. 'నిన్నెవరు వెళ్ళమన్నారు? ఆ చివరి గదుల వాళ్ళకి స్నానాలు ఎవరు చేయిస్తారు?' అన్నారు. నిజమే, వాళ్ళకి కాలేదు. చేయించాను. పక్కదుప్పట్లు మార్చాను. మూల సరిగ్గా మడవలేదని ఒకటి విప్పించి మళ్ళీ వేయించారు."

గ్యారీ నవ్వాడు. "వయసెంతుంటుందేం?"

"ఎనభై పైనే."

"ఎనభై ఏళ్ళ నర్సా! నీకు అనుమానమే రాలేదూ?"

"ఈ దేశంలో ఉద్యోగం ఎప్పుడు దిగనిస్తారో నాకేం తెలుసు? పెన్షను వయసు పెంచుకుంటూ పోతున్నారని మొన్న నువ్వే ఏడ్చావుగా."

పాలీన్ నవ్వలేదు.

"ఎనిడ్ థార్ప్. మేము చూసుకునే ముసలివాళ్ళలో ఒకామె," అంది. "ఒకప్పుడు ఆసుపత్రిలో వార్డు సిస్టరు. ఇప్పుడు మతి లేదు. ఇక్కడికి వచ్చి రెండేళ్ళు. ఎవ్వరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. చెంచా ఇస్తే పట్టుకోదు. ఆ చేత్తో సంతకం పెట్టిందంటే నన్ను నమ్మమంటావా?"

శనివారం రూడోకు తలుపు తాళం నంబరు చెప్పి పైకి పంపారు. ఎవరు ఎవరో ఒక్కరూ చెప్పలేదు. సగం మందే పనికి వచ్చిన రోజు, చెప్పే తీరిక ఎవరికుంది?

"నాకు తెలీదు మేడమ్. కానీ ఆవిడనేమీ అనకండి. ఎన్ని హోముల్లో చేశానో. పని అయ్యాక 'బాగా చేశావు నర్స్, కాళ్ళు లాగుతుంటాయి, కూర్చో' అన్నది ఆవిడ ఒక్కరే. తన సాసర్లో ఉన్న అల్లం బిస్కెట్టు నాకిచ్చారు. పోనీ, ఆ రెండు గంటలూ కొట్టేసుకోండి. సంతకం మాత్రం దొంగది కాదు."

పాలీన్ ఫోను, టైమ్‌షీటు చేతిలోకి తీసుకుని లేచింది. "పద. గ్యారీ, నువ్వు పెట్టెయ్యకు."

"ఎందుకు పెడతాను? టికెట్టు లేని సినిమా."

ఎనిడ్ తన గదిలో కుర్చీలో ఉంది. అదే నీలం గౌను, అదే గడియారం. చూపు గోడ మీద. పాలీన్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు ఒక్కో మాటా సాగదీసింది. "మిసెస్ థార్ప్... ఈ సంతకం... మీదేనా? బంగారం కదూ, చెప్పండి."

ఆ హోములో అందరూ ఎనిడ్‌తో అలాగే మాట్లాడతారు. జవాబు రాలేదు.

"అయిపోయింది," అన్నాడు గ్యారీ.

రూడో ముందుకు వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"సిస్టర్, చివరి గదుల స్నానాలు అయ్యాయి. దుప్పట్లు మార్చాను. నా టైమ్‌షీటు చెల్లదంటున్నారు."

ఎనిడ్ తల తిరిగింది. "ఎవరట?"

"ఈ మేడమ్, సిస్టర్."

"పని చేయించుకుని కాదనడం నా వార్డులో లేదు. పెన్ను ఇటివ్వు."

పాలీన్ ఇచ్చింది. ఎనిడ్ మొదటి సంతకం కింద రెండోది పెట్టింది. రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎవరా మాట్లాడింది?" ఫోనులో గ్యారీ అరిచాడు.

పాలీన్ వాటి కింద తన సంతకం పెట్టింది. అది వంకరగా వచ్చింది. "నువ్వు చేసిన మేలు బతికున్నంత కాలం మరిచిపోను రూడో," అంది.

రెండు గంటల పనికి అంత మాట ఎందుకో రూడోకు అర్థం కాలేదు. "నాకెందుకు మేడమ్? సిస్టర్‌కి చెప్పండి. నేను చెప్పుకోవాల్సిందీ ఆవిడకే."

పాలీన్ ఎనిడ్ వైపు తిరిగింది. ఎనిడ్ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. గుండెల మీది గడియారం పైకెత్తి టైము చూసుకుంది.

"అప్పుడే బడి వదిలేశారా పాలీన్? కాసేపు ఆ బెంచీ మీద కూర్చో. నేను డ్యూటీ దిగగానే అమ్మతో ఇంటికి వెళ్దువుగాని."