నక్క లేని పరుగు

పరుగంటే తనకి ఇష్టమని దూదమ్మ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. కుందేళ్లలో ఆ మాట అనకూడదు. ఒకరు పరిగెత్తారంటే నక్క వచ్చినట్టే, మిగతావాళ్లంతా పొదల్లో దూరాల్సిందే.

మనవలు పుట్టాక ఒక పొద్దున ఆమె ఉండబట్టలేక వాగు దాకా, వాగు దాటి కందిచేల దాకా మెల్లగా పరిగెత్తింది. వెనక ఎవరూ తరమలేదు. ఎంత హాయిగా ఉందో! తిరిగొచ్చేసరికి బయలంతా ఖాళీ. పొదల్లో పిల్లలు గజగజ వణుకుతున్నారు.

"నక్కేదే?" అంది వదిన చెవులమ్మ, ముక్కు మాత్రం బయటపెట్టి.

"నక్క లేదు వదినా. ఊరికే పరిగెత్తా."

"ఊరికేనా! ఈ వయసులో ఇదేం సరదా తల్లీ? ఆ పరుక్కి నత్తయినా నిన్ను దాటిపోతుంది!" అని నవ్వి, అంతలోనే మొహం ముడుచుకుంది. "రోజూ ఇలాగే చేస్తే, నిజంగా నక్కొచ్చిన నాడు ఎవరు కదులుతారే? పిల్లలు పోతారు."

ఆ మాట నిజమే. దూదమ్మ పరుగు మానేసింది. మానేసిందే గానీ గడ్డి సయించలేదు, కాళ్లు కూర్చున్నచోటే నేలని తన్నుతూ ఉన్నాయి. చెప్పకుండా వెళ్తే పిల్లల ప్రాణాల మీదికొస్తుంది. మరి చెప్పి వెళ్తే? కానీ కుందేలు గొంతెత్తేది నక్క నోట్లో పడ్డాకే. ఊరికే అరిచిన కుందేలు ఆ పొదల్లో పుట్టలేదు.

చివరికి ఒక తెల్లవారుజామున మిట్టెక్కి, వదిన పొదవైపు తిరిగింది. నవ్వితే నవ్వనీ. "వదినా, నక్క లేదు, నేనే పరిగెత్తుతున్నా" అని బయలంతా వినబడేలా పిలవాలని నిశ్చయించుకుని, నోరు తెరిచింది.