వెదురు గౌను

బామ్మర్దీ జంపయ్యా, మన పుష్పకు ఫస్టు ప్రైజు వచ్చిందయ్యా! హైదరాబాదు ఫ్యాషన్ కాలేజీలో, అంతమంది పట్నం వాళ్ల ముందు!

ఈ షోలో మార్కులు రాకపోతే ఏడాది చదువు పోతుందని బిడ్డ ఒకటే బెంగ. గౌనంతా మన బూర్గంపాడు వెదురే. బొమ్మ గీసింది తను, స్టేజీ మీద తెర వెనక, తన చుడీదారు పైనే అల్లింది నేను. అలవాటు కొద్దీ, గంపకు కట్టినట్టు మోకాళ్ల దగ్గర అంచు బిగించి కట్టేశాను.

లైట్లు పడ్డాక చూడాలి, గోదావరి మీద తెరచాప ఎత్తిన పడవే! కళ్లనీళ్లు ఆగలేదు నాకు. తీరా స్టేజీ మెట్ల దగ్గర పిల్ల ఆగిపోయింది.

"నాయినా, ఏంది గింత బిగిస్తివి? కాలు లేస్తలేదు, ఎట్ల దిగాలె?"

"కదలకు బిడ్డా, వస్తున్న!"

కత్తి పట్టుకుని ఎక్కి, గౌనును పైనుంచి కిందికి చీల్చేశాను. మార్కులు పోయినట్టేనని తల దించుకున్నాను. హాలంతా లేచి చప్పట్లు! గుడ్డు పగిలి పిట్ట బయటికొచ్చినట్టుందని, ఆ కోయడమే అసలు కళ అని జడ్జీ మేడమ్ మైకులో చెప్పింది. వచ్చే నెల మళ్లీ అల్లి, మళ్లీ కోసి చూపించాలట.

"ఇగ నేను మాత్రం లోపల నిలబడ" అంది పుష్ప.

కారేపల్లిలో మీ పెద్దనాయనకు చెప్పు. దమ్మపేట చిన్నక్క వదినకు, సతీష్ అల్లుడికి, నాగలత అత్తగారికి కూడా చెప్పు. మీ ఇంటికొచ్చి ఉన్న మీ అక్కకు మాత్రం ఇప్పుడే చెప్పకు. ఈసారి గౌనులో నిలబడేది ఆమే.