ఒక్క ముక్క జవాబు

సోమవారం పొద్దున వచ్చిన ఆ మెయిల్‌లో నమస్కారం లేదు, మర్యాద లేదు.

"కొత్త కెర్నెల్. కెమెరా పోయింది. పాతదాంట్లో బాగుంది. ఒతాకర్." అంతే.

చెక్ దేశంలోని బ్ర్నోలో తన బల్ల ముందు కూర్చుని అది చదివిన రదీమ్‌కి ఒళ్ళు మండింది.

కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపే మూల ప్రోగ్రామే కెర్నెల్. అందులో కంప్యూటర్‌కీ కెమెరాకీ మధ్య మాటలు నడిపే డ్రైవర్ తొమ్మిదేళ్ళుగా అతని చేతిలోనే ఉంది. ఏ భాగం ఎవరి బాధ్యతో రాసి ఉంచే కెర్నెల్ పుస్తకంలో దాని పక్కన రదీమ్ పేరొక్కటే కనిపిస్తుంది. పెళ్ళిచూపుల్లో ఫోటో చూపించినట్టు ఆ పేజీ ఎంతమందికి చూపించాడో లెక్కలేదు.

ఈ ఒతాకర్ వాడే రకం కెమెరా మామూలు దుకాణాల్లో దొరకదు. రదీమ్ దగ్గరా లేదు. అందుకని ఫిర్యాదు చేసినవాళ్ళందరికీ చెప్పే పనే ఇతనికీ చెప్పాడు. పాత కెర్నెల్‌కీ కొత్తదానికీ మధ్య నూట ఇరవై మార్పులున్నాయి. సరిగ్గా నడిమిదాకా ఎక్కించి చూడాలి. కెమెరా పనిచేస్తే తప్పు ఆ తర్వాతి సగంలో ఉన్నట్టు, చేయకపోతే ముందు సగంలో ఉన్నట్టు. అలా సగం చేసుకుంటూ పోతే ఏడో పరీక్షకి దొంగ దొరుకుతాడు.

ఈ మాట వినగానే నూటికి తొంభైమంది పారిపోతారు. ఒతాకర్ పారిపోలేదు.

మర్నాడు సాయంత్రం ఆరు దాటాక జవాబొచ్చింది. "చెడ్డది."

ఆ మర్నాడు పొద్దున తొమ్మిదికి ఇంకోటి. "మంచిది."

ఈ ఉత్తరాలన్నీ కెర్నెల్ పని చూసే వందలమంది కళ్ళముందే నడుస్తాయి. మూడోరోజుకే మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. ఇలాంటివాడు ఒక్కడుంటే చాలని న్యూరెంబర్గ్ నుంచి ఒకాయన రాశాడు. తొమ్మిదేళ్ళలో రదీమ్‌ని ఎవరూ ఆ మాట అనలేదు.

"చూశావా, ఒక్క అక్షరం వృథా చెయ్యడు," అంది టీమ్ లీడర్ వ్లాస్తా, భోజనాల దగ్గర సూప్‌లో రొట్టె ముంచుకుంటూ. "నువ్వైతే రెండు పేజీలు రాస్తావు."

"అది పొదుపు కాదండీ, పొగరు. మనతో మాట్లాడటం ఆయనగారికి నామోషీ."

"పొగరైతే ఏం? ఆ డ్రైవర్‌కి రెండో మనిషి కావాలని పైనుంచి అడుగుతున్నారు. ఇతన్ని అడుగుదామా?"

రదీమ్ సూప్ గిన్నె పక్కకి నెట్టేశాడు.

ఆ రోజు నుంచి ఒతాకర్ మీద ఒక కన్నేసి ఉంచాడు. మంచి కబురైతే పొద్దున్నే వస్తోంది, చెడ్డదైతే సాయంత్రం ఆరు దాటితే గాని రావడంలేదు. కెమెరా పనిచెయ్యలేదని తెలియడానికి ఐదు నిమిషాలు చాలు కదా, పగలంతా ఏం వెలగబెడుతున్నట్టు?

అందరూ చదివేచోటే అడిగేశాడు. "మధ్యాహ్నం కునుకు అయ్యాక పంపుతున్నారా?"

కొందరు నవ్వారు. ఒతాకర్ నుంచి తర్వాతి పరీక్ష ఫలితం మాత్రమే వచ్చింది.

ఏడో పరీక్షకి దొంగ దొరికాడు. ఆ మార్పు చేసింది రదీమే. కరెంటు ఆదా అవుతుందని కెమెరాని తొందరగా నిద్రపుచ్చే ఏర్పాటు అది. ఈ రకం కెమెరా నిద్రపోతే మళ్ళీ లేవడంలేదు.

రదీమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ పరీక్షల మీద తనకి నమ్మకం కుదరడంలేదని, మొదటినుంచి ఏడూ మళ్ళీ చెయ్యాలని రాశాడు. అవసరం లేదని అతనికి తెలుసు. విసుగెత్తి పోతాడనే ఆశ.

"సరే," అని వచ్చింది.

ఇంకో ఏడురోజులు. ఏడుసార్లూ అవే జవాబులు.

ఇక తప్పక రదీమ్ తప్పు సరిదిద్దాడు. దిద్దుబాటు కింద, లోపం పట్టిచ్చినవాళ్ళ పేరూ పరీక్షించినవాళ్ళ పేరూ రాయడం వాళ్ళలో ఆచారం. రదీమ్ తన పేరొక్కటే రాసి పంపేశాడు. సోమవారానికి అది కెర్నెల్‌లో కలిసిపోయింది. ఒకసారి కలిశాక అందులో ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చరు.

కడుపు చల్లబడింది. ఆ వారమంతా హాయిగా నిద్రపోయాడు.

పైవారం అతని ఒక్కడి పేరునే ఒక మెయిల్ వచ్చింది. ఈసారి పొడుగ్గా ఉంది. రాసింది యిత్కా, ఒతాకర్ భార్య.

"రదీమ్ గారూ, కొత్త కెర్నెల్ వేశాం. కెమెరా చక్కగా పనిచేస్తోంది. మావారిని ఇన్నాళ్ళు ఓపిగ్గా భరించారు, చాలా థాంక్స్. ముక్కలు ముక్కలుగా రాశారని ఏమీ అనుకోకండి. ఆయనకి కళ్ళు తప్ప ఇంకేమీ కదలవు. చూపు ఏ అక్షరం మీద నిలిచిందో ఆ కెమెరా పట్టి రాస్తుంది. పొద్దున నేను కొత్తది ఎక్కించి పోస్టాఫీసు పనికి వెళ్ళాక అది పనిచెయ్యడం మానేస్తే, ఆరింటికి నేనొచ్చి పాత కెర్నెల్ పెట్టేదాకా ఆయనకి మాట లేదు. మధ్యాహ్నం నర్సు వస్తుంది గాని, దాహంగా ఉందని చెప్పడమెలా?"

రదీమ్ అక్కడ ఆగిపోయాడు. చెడ్డ రోజులు మొత్తం ఎనిమిది. అందులో నాలుగు తను కావాలని పెట్టించినవి.

లేచి వ్లాస్తా గదికి వెళ్ళాడు.

"ఆ దిద్దుబాటులో ఒక పేరు కలపాలండీ."

"కలిసిపోయాక ఎలా కుదురుతుంది? అది నీకు నేను చెప్పాలా?" అంది. అతని మొహం చూసి, ఆ మెయిల్ తెరిచి ఉన్న అతని ఫోన్ అందుకుని, అతను చదవకుండా వదిలేసిన నాలుగు వాక్యాలూ తనే పైకి చదివింది.

"మా దగ్గర పాతది బాగానే పనిచేస్తోంది కదా, మీకెందుకీ యాతన అని నేను రోజూ పోట్లాడాను. ఆయన వినలేదు. వచ్చే నెల ఈ కొత్తది అందరి ఇళ్ళలోకీ దానంతటదే వచ్చేస్తుందట, ఇదే కెమెరాతో మాట్లాడేవాళ్ళు ఇంకో నలభైమంది ఉన్నారట, సాయంత్రం ఇంటికొచ్చి పాతది పెట్టిపెట్టే మనిషి వాళ్ళలో చాలామందికి లేడట. అందుకని వాళ్ళ బదులు రోజూ పొద్దున తన మాట తానే వదులుకున్నారు."