పిన్నిగారి పిండి డబ్బా

“పిన్నిగారూ, ముందు ఆ వరుసలోంచి ఇవతలికి రండి.”

పక్కింటి పిన్నిగారు రాలేదు సరికదా, చేతిసంచీని గుండెలకు మరింత గట్టిగా అదుముకుంది. ఆవిడ ముందు, పరపతి సంఘం మెట్ల మీద, వీధిలో సగం మంది ఉన్నారు. ఊళ్ళో రెండు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మూడోది వారంలో సగం రోజులే నడుస్తోంది. ఇక సంఘం కూడా మునుగుతుందని ఎవరో అన్నారట. ఎవరన్నారో ఎవరికీ తెలియదు గానీ, గోరంత మాట తెల్లారేసరికి కొండంతయింది.

“ఊరుకోవే అమ్మాయ్! ఆయన పోయాక కొట్టు అమ్మిన డబ్బు అది. అదీ పోతే నా గతేం కాను?”

“పోదండీ. ఇంటికి తెచ్చుకుంటేనే భయం. అసలు ఎక్కడ దాస్తారు?”

పిన్నిగారు ఆ అమ్మాయి చెవి దగ్గరకు వంగింది. “పిండి డబ్బాలో.”

“చూశారా, ఇంకా దాచనే లేదు, నాకు చెప్పేశారు! మీ నోట్లో నువ్వుగింజ నానదు.”

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. బట్టలు కుట్టే ఈ అమ్మాయి ఆ వీధికి కొత్త. అలాంటిది పుకారు పుట్టినప్పటి నుంచీ మిషన్ కట్టిపెట్టి ఇల్లిల్లూ తిరుగుతోంది. అందరికీ ఒకటే మాట: డబ్బు తియ్యకండి, ఇళ్ళల్లో పెట్టుకోకండి. చూడబోతే తనకు సంఘంలో చిల్లిగవ్వ లేదు.

“నీకేమైనా కమీషన్ ముడుతోందా ఏంటమ్మా?” అన్నాడు కూరల కొట్టాయన. ఆయన అప్పటికే డబ్బు తీసుకుని జేబు తడుముకుంటూ బయటికి వస్తున్నాడు.

“ముడితే మీ వాటా మీకిస్తాలెండి, బాబాయిగారూ!” అంది కానీ, ఆమెకు నవ్వు రాలేదు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

చివరికి పిన్నిగారి చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి లాక్కెళ్ళింది.

“మీ సొమ్ముకి బీమా ఉందమ్మా,” అన్నాడు మేనేజరు. పొద్దుటి నుంచీ మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు పోయింది. “ఒక్కో సభ్యుడికి ఇంతవరకూ అని పరిమితి ఉంటుంది. మీది అందులో సగం కూడా లేదు.”

“మీరు బోర్డు తిప్పేస్తేనో?”

“తిప్పేసినా సరే, బీమా వాళ్ళు మీ డబ్బు మీకిస్తారు.”

పిన్నిగారు కుర్చీలో కూలబడింది. “ఆ ముక్క బయటికొచ్చి అందరికీ చెప్పడానికి ఏమొచ్చింది నాయనా! ఎండలో మాడ్చి చంపావు కదా!”

మేనేజరు బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, ఆ పోయిన గొంతుతోనే అంతా చెప్పాడు. జనం గుచ్చి గుచ్చి అడిగారు. అడిగిన వాళ్ళు అడిగినట్టే ఒక్కొక్కరూ ఇంటిదారి పట్టారు. కూరల కొట్టాయన కాసేపు తటపటాయించి, తీసిన డబ్బు మళ్ళీ కట్టేశాడు. అది చూశాకే ఆ అమ్మాయి అక్కడి నుంచి కదిలింది.

ఇంటి గుమ్మంలో భర్త కూర్చుని ఉన్నాడు. సగం రోజులు నడిచే ఆ ఫ్యాక్టరీలోనే అతని పని. ఆ రోజు పని లేదు.

“పిన్నిగారు డబ్బు తెచ్చేసుకున్నారా?” తల ఎత్తకుండానే అడిగాడు.

“లేదు.”

“మిగతావాళ్ళు?”

“ఎవ్వరూ తెచ్చుకోలేదు. అంతా సంఘంలోనే భద్రంగా ఉంది.”

“నిజంగా?”

“ఒట్టు.”

అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. “బతికించావ్,” అన్నాడు.

ఆమె పక్కనే కూలబడి అతని భుజానికి తల ఆనించింది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది, హాయిగా.

అతను దొంగతనాలు మానేసి ఇంకా ఏడాది కాలేదు.