ఎదుటి కిటికీ

"మామయ్యా, రేపట్నించి నేను ఎదురింటికి వెళ్తున్నా."

కరాటే మాస్టారికి తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి. ఎదురిల్లంటే సందుకు అవతలి మేడ మీద కొత్తగా వెలసిన జూడో బడి. అన్నది పరాయి పిల్లైనా కాదు, సొంత అక్క కూతురు. తన తర్వాత కరాటే బడి నడిపేది ఈ పిల్లేనని మాస్టారు కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

"అక్కడేముందే, పడటం తప్ప? చెయ్యి పట్టుకుని నడుం తిప్పి కుదెయ్యటమేగా వాడు నేర్పేది!"

"నీకెలా తెలుసు?"

"చప్పుడు వినపడట్లా?" అంటూ మాస్టారు కిటికీ తెర గబగబా సర్దేశారు.

చప్పుడు మాట దేవుడెరుగు, ఆ తెర సందులోంచి ఆయన తొంగిచూడని రోజు లేదు. అవతల ఒక్కో పిల్ల కొత్తగా చేరుతుంటే ఇవతల ఈయన కడుపు కుతకుత ఉడికిపోయేది. గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్న ఆ కళ్ళజోడు జూడో మాస్టారు దున్నల్లాంటి వాళ్ళని అలవోకగా ఎత్తి పడేస్తుంటే, చూడలేకా, చూడకుండా ఉండలేకా చచ్చేవారు.

"నా స్నేహితురాలు మెట్ల మీంచి దొర్లిపడి, బట్టలు దులుపుకుని లేచింది మామయ్యా. పడటం కూడా విద్యే. కొట్టడం నువ్వు నేర్పావు, పడటం అక్కడ నేర్చుకుంటా. తర్వాత కర్రసాము. ఒక్కో దేశంవాళ్ళు ఒక్కోటి కనిపెట్టారు, నాకన్నీ కావాలి."

"గుండెల మీద పెట్టుకుని నేర్పితే ఇదా నువ్వు చేసేది?" మాస్టారికి కోపం తన్నుకొచ్చింది. "పద! వాడి సంగతేదో ఇవాళే తేలుస్తా. నేను గెలిస్తే నువ్వు నా దగ్గరే ఉండాలి."

"అది కాదు మామయ్యా, అసలు సంగతి..."

వినే ఓపిక ఎవరికుంది? మాస్టారు అప్పటికే సందు దాటేశారు.

జూడో బడిలో పిల్లలు గోడల వెంట కూర్చుని ఉన్నారు. "నా పిల్లని ఎగరేసుకుపోదామనుకుంటున్నారా?" అంటూ మాస్టారు గుమ్మంలోంచే కేకేశారు. కళ్ళజోడు మాస్టారు నిదానంగా లేచి, కళ్ళజోడు తీసి గూట్లో పెట్టారు.

"రండి మాస్టారూ. చెప్పులు అక్కడ విప్పండి."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వంగి నమస్కరించుకున్నారు. కొట్టుకునే ముందు ఆ మర్యాద రెండు విద్యల్లోనూ ఉంది.

మాస్టారు ఒక్క ఉదుటున మీదికెళ్ళారు. అంతే, చొక్కా చెయ్యి ఎవరో లాగినట్టయింది, ఇంటికప్పు కాళ్ళ కిందికొచ్చింది.

"అయ్యో మామయ్యా!"

మాస్టారు గడ్డం గుండెకి ఆనించి, అరచెయ్యి చాప మీద దభీమని చరిచి, పక్కకి దొర్లి లేచి నిలబడ్డారు. చిన్న నొప్పైనా లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఎంత బాగా పడ్డారండీ! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అంది ఓ పిల్ల.

మేనకోడలు తమ కిటికీ వైపోసారి, మామయ్య వైపోసారి చూసి పెదవి కొరుక్కుంది. దొరికిపోయానని మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో పిడికిలి బిగించి ఎదుటివాడి మొహం మీదికి విసిరారు.

కళ్ళజోడు మాస్టారు ముంజెయ్యి పైకెత్తి దాన్ని ఠక్కున ఆపేశారు.

మాస్టారు కొయ్యబారిపోయారు. ఆ భుజం, ఆ నడుం, ఆ చూపు, అంతా మక్కీకి మక్కీ తనదే.

"ఇది... ఇది నాది! మీకెవరు నేర్పారు?"

కళ్ళజోడు మాస్టారు సిగ్గుతో చితికిపోయారు. "మీ కిటికీలోంచి చూసి నేర్చుకున్నాను. మీరు అంతంత దెబ్బలు ఒంటిచేత్తో ఆపుతుంటే కుళ్ళి చచ్చేవాణ్ణి మాస్టారూ. అన్నీ పట్టుబడ్డాయి, ఒక్కటి తప్ప. దెబ్బ ఆపేటప్పుడల్లా మీరు ఎడమ మడమ పైకెత్తుతారు చూడండి, ఆ కిటుకు ఎంత చూసినా అంతుచిక్కలేదు. మీ అమ్మాయి కూడా అలాగే ఎత్తుతుంది. అందుకే, నేను పడటం నేర్పుతా, నువ్వు నాకా మడమ సంగతి నేర్పమ్మా అని బతిమాలుకున్నా."

"నాకేం తెలుసు? నువ్వు ఎత్తావని నేనూ ఎత్తా," అంది మేనకోడలు. "నువ్వే చెప్పు మామయ్యా."

మాస్టారి కడుపు ఒక్కసారిగా చల్లబడింది. గోడల వెంట ఉన్న పిల్లలంతా లేచి, ఎడమ మడమలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కళ్ళజోడు మాస్టారు అందరికంటే ముందు నిలబడి చేతులు కట్టుకున్నారు.

మాస్టారు తల దించుకుని గొణిగారు.

"అక్కడ ఆనెకాయ ఉందండీ... నేల మీద మోపితే ప్రాణం పోతుంది."