కొరికిన రొట్టె

"రొట్టె లేదు. కాల్చలేదు," అంది ఓయ్‌నిసా.

వాకిట్లో టాక్సీ ఆగి ఉంది. సూట్‌కేసు గడప దగ్గర ఉంది. కోటు గుండీలు పెట్టుకుంటున్న ముహయ్యో ఆగిపోయి తల్లి వంక చూసింది. మర్గిలాన్ ఊళ్ళో దూరదేశం వెళ్ళేవాళ్ళెవరూ రొట్టె కొరక్కుండా గడప దాటరు. కొరికిన రొట్టెను ఇంటివాళ్ళు గుడ్డలో చుట్టి మేకుకు వేలాడదీస్తారు. కొరికిన మనిషే తిరిగొచ్చి మిగిలింది తినాలి. అప్పటిదాకా ఆ మనిషికి ఏమీ కాదని అందరి నమ్మకం.

"తెల్లారకుండానే మీ తందూరులోంచి పొగ వచ్చిందే," అంది సాగనంపడానికి వచ్చిన పక్కింటి సలోమత్.

"చలి కాచుకున్నాను."

పోనీ మా ఇంట్లోంచి ఒకటి తెస్తానని సలోమత్ లేవబోతే ఓయ్‌నిసా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పరాయి పిండికి నా కూతుర్ని అప్పజెప్పమంటావా?"

ముహయ్యో నిన్నమొన్నటిదాకా పెళ్ళికూతుళ్ళకు జుట్టు ముస్తాబు చేసేది. ఆ పేటలో ఆమె చెయ్యి పడకుండా ఏ పిల్లా అత్తారింటికి వెళ్ళలేదు. పోయినేడు తల్లికి గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం పక్కనే ఉంది. ఇంటికొచ్చాక కత్తెర పక్కన పడేసి జర్మన్ భాష పుస్తకం పట్టుకుంది. ఇప్పుడు ఆ దేశంలోనే నర్సు శిక్షణకు చోటు దొరికింది. మూడేళ్ళు. నలభై దగ్గరపడుతున్న మనిషి మళ్ళీ బడికి పోవడమేమిటని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. ఓయ్‌నిసా వాళ్ళందరినీ కసిరింది. కూతురు వంటింట్లో వల్లె వేస్తుంటే విని విని తనూ జర్మన్‌లో నాలుగు ముక్కలు నేర్చుకుంది. అలాంటి మనిషి ఈ పొద్దున గోడకానుకుని మొండికేసింది.

ముహయ్యో వెళ్ళి తల్లి ఎదురుగా చతికిలబడింది.

"నేను తిరిగి రానని భయమా అమ్మా?"

"ఎందుకు రావు? మీ నాన్న రాలేదూ?"

నిజమే. ఆయన రష్యాలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. అయినా వచ్చాడు. రాయిలా గట్టిపడిన తన రొట్టెను టీలో నానబెట్టుకుని ఆఖరి తునక దాకా తిన్నాడు. ఆ తరవాతే పోయాడు.

"మరింకేమిటి నీ బాధ?"

"వెళ్ళేవాళ్ళకు రొట్టె ఉంది," అంది ఓయ్‌నిసా మెల్లగా. "ఉండిపోయేవాళ్ళకేముందే?"

ఆమె అరచెయ్యి ఎడమ రొమ్ము మీదికి వెళ్ళింది. కూతురు చూస్తోందని గమనించి, తలగుడ్డ సర్దుకోవడానికే చెయ్యి ఎత్తినట్టు పైకి జరిపింది.

ముహయ్యో కోటు విప్పేసింది. తను వెళ్ళడం లేదంది. మాత్రలు వేళకు వేసుకోని మనిషిని, మెట్టెక్కితే ఆయాసపడే మనిషిని వదిలి, ఊరుగాని ఊళ్ళో ఎవరి తల్లులకో సేవ చేస్తే తనకేం పుణ్యమంది. టాక్సీ అతన్ని పంపెయ్యమని సలోమత్‌కు చెప్పి, కత్తెర ఏ పెట్టెలో పెట్టావమ్మా అని అడిగింది.

ఓయ్‌నిసా ముఖంలో రంగు మారింది.

"కోటు తొడుక్కో."

"తొడుక్కోను."

"తొడుక్కోవే, ఆసుపత్రిలో ఆ పక్క మంచం ముసలిది నువ్వు చెయ్యి పట్టుకుంటేనేగా నిద్రపోయేది. అక్కడ అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో. సూట్‌కేసు తాళంచెవి ఇటియ్యి. ఎండు ఆప్రికాట్లు సర్దడం మరిచాను."

కూతురు నోరు తెరిచేలోగా సూట్‌కేసు లోపలి గదిలోకి ఈడ్చుకుపోయి తలుపు వేసుకుంది. ఆప్రికాట్లు సర్దడానికి ఇంతసేపా అని సలోమత్ గొణిగింది. చివరికి తలుపు తెరుచుకుంది. ఓయ్‌నిసా ఒక చేత్తో సూట్‌కేసు లాక్కుంటూ వచ్చింది. రెండో చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టె ఉంది. నల్ల జీలకర్ర చల్లిన ఆ రొట్టె ఇంకా గోరువెచ్చగానే ఉంది.

"చలి కాచుకున్నానన్నావు?" అంది సలోమత్.

"కాచుకుంటూ రెండు వేశాను. ఒకటి బూడిదలో పడిపోయింది."

ముహయ్యో కళ్ళు తుడుచుకుని రొట్టె అంచు కొరికింది.

"పిచ్చుక పొడిచినట్టు ఏమిటది? నా ఒంటి పన్నుతోనే అంతకంటే బాగా కొరుకుతాను."

ముహయ్యోకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంకాస్త పెద్ద ముక్క కొరికింది. ఓయ్‌నిసా మిగిలిన రొట్టెను గుడ్డలో చుట్టి, ఒకప్పుడు మొగుడి రొట్టె వేలాడిన మేకుకే తగిలించింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. టాక్సీ సందు మలుపు తిరిగేదాకా, దారిలో కనుమ దగ్గర చల్లగా ఉంటుంది, కోటు విప్పకు అని అరుస్తూనే ఉంది.

తాష్కెంట్ విమానాశ్రయంలో తనిఖీ అధికారి సూట్‌కేసు తెరవమన్నాడు. పుస్తకాలూ తెల్ల బూట్లూ పక్కకు జరిపాడు. ఆప్రికాట్ల సంచీ కింద ఒక గుడ్డమూట కనిపిస్తే విప్పి చూసి, నొచ్చుకున్నట్టు తలాడించాడు.

"ఎంత తొందరైతే మాత్రం, కొరికిన రొట్టెను ఎవరైనా వెంట తెచ్చుకుంటారా అక్కయ్యా? ఇది ఇంట్లో మేకుకు ఉండాల్సింది కదా."

"నాది ఇంట్లోనే ఉంది," అంది ముహయ్యో అయోమయంగా. మూటను తన వైపు తిప్పుకుంది.

నల్ల జీలకర్ర చల్లిన రొట్టె. ఎక్కడా బూడిద అంటలేదు. అంచున మాత్రం ఒకే ఒక్క పన్ను గాటు ఉంది.