నాలుగు బోల్టులు

“మళ్లీ వదులయ్యాయి,” అంది మరదలు, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

ఆమె వెనక నిలబడిన ఆడపడుచు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. టెలిస్కోపు భూమి చాటుకు వెళ్లేముందు గట్టిగా బిగించిన నాలుగు బోల్టులూ, చాటు దాటి వచ్చేసరికి వదులుగా ఉన్నాయి. ఇలా జరగడం ఇది మూడోసారి.

భూమి చుట్టూ తిరిగే ముసలి టెలిస్కోపు అది. దాన్ని ఆకాశంలో ఒకే దిక్కుకు నిలకడగా నిలిపే చక్రాలు అరిగిపోతే, మరమ్మతుకు రెండు చేతుల రోబోను పంపారు. కొత్త చక్రాలు అమరాయి. ఇక మిగిలింది ఆ నాలుగు బోల్టులతో బిగించాల్సిన వాటి పెట్టె మూత. అది బిగుతుగా పడకపోతే చలికి ఆ చక్రాలు కూడా పట్టేస్తాయి. అంతటితో టెలిస్కోపుకు నూకలు చెల్లినట్టే.

రోబోను నేల మీది నుంచి నడిపేది మరదలు. దానికి పని నేర్పింది ఆడపడుచు. రెండేళ్లు శిక్షణ హాలులో నమూనా పెట్టె ముందు నిలబెట్టి, తన చేతిని చూపి చూపి నేర్పింది. చూసిందల్లా పట్టుకునే బుద్ధి దానిది. ఆమె దాన్ని ‘శిష్యుడు’ అనే పిలుస్తుంది. ఇంట్లో ఆడపడుచు అర్ధమొగుడైతే ఆఫీసులో పూర్తి మొగుడని తోటివాళ్లు మరదలిని ఆటపట్టించేవారు. ఈమధ్య ఆ మాట ఎవరూ అనడం లేదు.

“రోబోయే ఎక్కడైనా పొరపడుతోందేమో వదినా,” అంది మరదలు.

“నా శిష్యుడు చెప్పింది మరవడు, చెప్పనిది చేయడు. మనిషి సంగతే చెప్పలేం. ఇక్కడ నన్ను వదినా అనకు.”

ఆడపడుచుకు మరదలి మీద కలిగిన అనుమానానికి ఆధారం లేకపోలేదు. భూమి చాటున ఉన్నంతసేపూ పైకి మాట వెళ్లదు, కిందికి రాదు. అక్కడ రోబో చేత ఏదైనా చేయించాలంటే ముందుగానే ఆదేశం దాచి పంపాలి. అలా పంపగల పాస్‌వర్డు మరదలి దగ్గరే ఉంది. పైగా, కొత్త టెలిస్కోపు కడుతున్న సంస్థ ఒకటి ఆమెను ఉద్యోగానికి పిలిచిందట. తమ్ముడు అన్నం తింటూ నోరు జారాడు. పాతది పోతే కొత్తదానికి దశ తిరుగుతుంది. ఇంత జరిగినా మరదలు ఆ పిలుపు సంగతి ఇంట్లో ఎత్తలేదు. నిప్పు లేనిదే పొగ రాదు.

ఆడపడుచు నేరుగా డైరెక్టరు గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పింది. బంధుత్వం దాచలేదు, అనుమానమూ దాచలేదు. మరదలిని పిలిపించారు. ఉద్యోగానికి పిలిచిన మాట నిజమేననీ, రానని అప్పుడే చెప్పేశాననీ, చేరని ఉద్యోగానికి ఇంట్లో పంచాయితీ ఎందుకని ఊరుకున్నాననీ మరదలు చెప్పింది. ఆ జవాబు డైరెక్టరుకు రుచించినట్టు లేదు.

“తప్పెవరిదైతే వాళ్లు ఈ రోజే ఈ గుమ్మం దాటాలి. నా తమ్ముడి భార్య అయినా సరే,” అంది ఆడపడుచు.

మరదలి పదేళ్ల పని, దాంతోపాటు పరువు, రెండూ ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాయి. ఆమె ఒక్కటే అడిగింది. చాటున ఉన్నప్పుడు రోబో కన్ను తీసే బొమ్మలు దాని జ్ఞాపకంలోనే ఉండి తర్వాత చెరిగిపోతాయి. అవసరం లేదని ఎవరూ తెప్పించరు. ఈసారి చెరిగిపోకముందే తెప్పించమంది. దొంగపని కళ్లారా చూడవచ్చని ఆడపడుచు కూడా సరేనంది.

బొమ్మలు వచ్చాయి. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు.

భూమితో మాట తెగిపోయింది. రోబో చేతులు దించి కాసేపు ఊరుకుంది. తర్వాత పనిముట్టు అందుకుని పై మూల బోల్టును వదులు చేసింది. ఆ తర్వాత దాని ఎదుటి మూలది. ఆపైన మిగిలిన రెండూ. మణికట్టు వెనక వైపుతో మూత అంచును ఒకసారి తుడిచింది. పనిముట్టును దాని గూట్లో పెట్టి, మళ్లీ చేతులు దించింది.

డైరెక్టరు ఆదేశాల వరస మొదటి నుంచి చివరి దాకా వెతికించాడు. దాచి పంపినది ఒక్కటీ లేదు.

“ఎవరూ చెప్పలేదు. తనంతట తానే చేస్తోంది,” అన్నాడు. “దొంగపనిలా కూడా లేదు. అలవాటైన పనిలా ఉంది.”

మరదలు ఆడపడుచు వైపు చూసింది. ఆమె తెరను చూడటం లేదు. ఒళ్లో ఉన్న తన కుడి మణికట్టును చూసుకుంటోంది.

“దీనికి బిగించడమే కదా నేర్పింది,” అంది మరదలు నెమ్మదిగా. “విప్పడం ఎవరు నేర్పారు వదినా?”

శిక్షణ హాలులో రోజూ పాఠం ముగిసి ఆదేశాలు ఆగాక, మర్నాటి పాఠం కోసం దాని కళ్లెదుటే బోల్టులు వదులు చేసి, మణికట్టుతో మూత అంచు తుడిచి పెట్టింది తనే.